మూడు ముప్పై ఎనిమిదైన కేసు

డిటెక్టివ్ గదిలోకి వచ్చిన అమ్మాయి కూర్చోకుండానే రెండు రక్తపరీక్ష కాగితాలు బల్లమీద పరిచింది.

"మా ఆయన మందు ఎవరో మార్చేస్తున్నారండీ."

పెళ్లయి రెండు నెలలు. భర్తకు వెన్నెముక కీళ్లవాతం. ఒకప్పుడు మంచం దిగడానికే గంట పట్టేది. రెండు వారాలకోసారి తీసుకునే బయోలాజిక్ ఇంజెక్షన్ పుణ్యమా అని నిటారుగా నిలబడ్డాడు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ మూడు దగ్గరే ఉండేది. ఇప్పుడు ముప్పై ఎనిమిది. మందు పనిచేయడం మానిందేమో, రేపు వచ్చి కలిస్తే వేరేది మొదలుపెడదామన్నాడు డాక్టర్. అంతకుముందు రెండు మందులు పడలేదు. ఇదీ పోతే ఏమిటన్నదే ఆమె దిగులు.

అనుమానం ఆడపడుచు మీద. ఫ్రిజ్ తాళంచెవి ఆవిడ కొంగుకే ఉంటుంది, ఇంజెక్షన్ ఆవిడే ఇస్తుంది.

డిటెక్టివ్, అతని సహాయకుడు ఆ పొద్దున్నే వాళ్లింటికి వెళ్లారు. ఆడపడుచు తాళం తీసి ఫ్రిజ్ తెరిచింది. మందు పెట్టెల సీళ్లు చెక్కుచెదరలేదు. తలుపుకు అంటించిన కాగితంలో రెండు పూటలా చలి ఎంతుందో రాసి ఉంది, ఒక్క పూటా తప్పలేదు.

"చీమకి కూడా లెక్కపెట్టి చక్కెర పెట్టే మనిషిలా ఉంది సార్," అన్నాడు సహాయకుడు గుసగుసగా.

హాల్లో డిటెక్టివ్ పెన్ను జారి కుర్చీ కిందికి దొర్లింది. భర్త చటుక్కున వంగి తీసిచ్చాడు. అతని దగ్గర లవంగాల వాసన. టీ చల్లారేదాకా ఆగి, రస్కు మెత్తబడేదాకా నానబెట్టి, ఎడమ దవడతోనే తిన్నాడు.

డిటెక్టివ్ అందరినీ కూర్చోమన్నాడు.

"మందు మారలేదమ్మా. నడుముకు బాగానే పనిచేస్తోంది, లేకపోతే ఈయన పొద్దున్నే అలా వంగలేరు. సీఆర్‌పీ వాపు ఉందంటుంది, ఎక్కడో చెప్పదు. మీరు నడుమునే చూశారు." భర్త వైపు తిరిగాడు. "కుడి పక్క పన్ను ఎన్నాళ్లుగా?"

భర్త తల దించుకున్నాడు. "మూడు వారాలు. ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇంజెక్షన్ ఆపుతామని మొదట్లోనే చెప్పారు. ఆపితే మళ్లీ మంచానికి అతుక్కుపోతానని భయమేసింది."

"ఒరేయ్, వాళ్లు ఆపమనేది నిన్ను కాపాడటానికిరా," అంది అక్క. "చిన్నప్పుడు మాత్రలు దాచేవాడివి. ఇప్పుడు పన్ను కూడానా?"

భార్యకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "వదినా, మిమ్మల్నే అనుమానించాను."

"నేనూ నిన్నే అనుకున్నానమ్మాయ్. నువ్వొచ్చాకే కదా రస్కులు అయిపోతున్నాయి. తింటున్నది వీడన్నమాట."

ఆ సాయంత్రమే పన్ను డాక్టర్ చీము తీశాడు. సంగతి తెలిసి కీళ్ల డాక్టర్ మందు మార్చలేదు. ఒక్క ఇంజెక్షన్ వాయిదా వేసి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టాడు.

నెల తర్వాత ఆ అమ్మాయి కొత్త కాగితం తెచ్చి చూపించింది. సీఆర్‌పీ నాలుగు. సహాయకుడు దాన్ని రెండుసార్లు చదివాడు. ఆమె వెళ్లడానికి లేచినప్పుడు కొంగు చివర ఏదో గలగలమంది.

ఫ్రిజ్ తాళంచెవి.