ఫ్యాను ఆగకూడదు

చేతికి స్క్రూడ్రైవర్ దొరికితే చాలు, లెక్కల మాస్టారికి ఊళ్లో మెకానిక్కులంతా చేతకానివాళ్ళే. ఇంట్లో మిక్సీ పాడైనా ఆయనే విప్పాలి, గడియారం ఆగినా ఆయనే విప్పాలి. బాగుపడినవి తక్కువ, చెత్తబుట్టకి పోయినవి ఎక్కువ. అందుకే భార్య ఆయన్ని "ఇంజనీరు గారూ" అని ఏడిపించేది.

ఆవిడ ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో పడి, ఈమధ్యే ఇంటికొచ్చింది. దుమ్ము తగలకూడదు, జనంలోకి పోకూడదు అన్నారు డాక్టర్లు. సినిమా అంటే చెవి కోసుకునే మనిషి, రోజంతా గోడకేసి చూస్తూ దగ్గుతూ పడుకుంటే మాస్టారికి గుండె తరుక్కుపోయింది. ఈవిడ లేకపోతే నేనేమైపోతానని ఆస్పత్రి వరండాలో ఏడ్చిన మనిషాయన.

"థియేటర్నే ఇంటికి తెస్తాను చూడు," అన్నారు.

తెచ్చింది మాత్రం అరచెయ్యంత పాత కంప్యూటర్ పెట్టె. టీవీ వెనక తగిలిస్తే నెట్‌లో ఉన్న సినిమాలన్నీ తెరమీదికొస్తాయి. "లోపల బాగా మడ్డుంది మాస్టారూ, బ్లోయర్‌తో కొట్టించి రేపు ఇస్తాను," అన్నాడు రిపేరు కొట్టాయన. "ఆ మాత్రం నేను ఊదుకోలేనా?" అని పట్టుకొచ్చేశారు.

వాన పట్టిన సాయంత్రం. భార్యకి దుమ్ము తగలకుండా బాల్కనీలో కూర్చుని మూత విప్పారు. చిన్న ఫ్యాను, రెక్కలనిండా బూడిదరంగు మడ్డి. దుమ్ములా పొడిగా లేదు, వేలికి జిగురుగా అంటుకుంది. అందరికీ ఉన్న దిక్కుమాలిన అలవాటే, నోరు దగ్గర పెట్టి గట్టిగా ఊదారు.

అది తిరిగి ఊదింది.

ప్లగ్గు లేదు, కరెంటు లేదు. వెచ్చటి తడిగాలి సూటిగా నోట్లోకి. ఏళ్ళ తరబడి తోమని పళ్ళ కంపు, చీము కంపు, నిలవున్న కఫం కంపు. ఉమ్మారు, పుక్కిలించారు, మళ్ళీ ఉమ్మారు. నాలుకమీద సన్నటి పొర ఒకటి మిగిలే ఉంది. చెమ్మ చేరి ఉంటుందిలే అనుకుని రెక్కలు తుడిచి మూత బిగించారు. ఒకరి మాట వినని మనిషికి తనకి తాను సర్దిచెప్పుకోవడం ఒకరు నేర్పాలా?

టీవీకి తీగ కలిపారు. వైఫై పాస్‌వర్డు తప్పు కొట్టి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కొట్టారు. సినిమాల యాప్ తెరుచుకుంది. కర్టెన్లు వేసి, లైటు తీసేసి, రిమోటు భార్య చేతిలో పెట్టారు.

"అబ్బో, ఈసారి కాలిపోలేదే," అని నవ్విందావిడ. నవ్వితే వచ్చే దగ్గు రాలేదు. సగం సినిమా అయినా రాలేదు. మాస్టారు పొంగిపోతుండగా ఆవిడ హాయిగా కునుకు తీసింది.

అప్పుడు మొదలైంది, ముక్కు పగిలే కంపు. టీవీ వెనక ఫ్యాను చప్పుడు... తిరుగుతున్నట్టు లేదు. లోపలికి... బయటికి... మధ్యలో తడి గురగుర. మాస్టారు భార్య ఛాతీకేసి చూశారు. పెట్టె గాలి వదిలినప్పుడల్లా ఆ ఛాతీ లేస్తోంది. పెట్టె వదిలిందే ఆవిడ పీలుస్తోంది.

ఒక్క ఉదుటున వెళ్ళి ప్లగ్గు లాగేశారు.

తెర ఆరింది. ఫ్యాను ఆగింది. ఆవిడ ఛాతీ... ఆగింది.

నోరు తెరిచింది. గాలి పోవడం లేదు. గోళ్ళు దుప్పటిని రక్కుతున్నాయి. వీపు నిమిరారు, కిటికీ తెరిచారు. పెదాలు నీలం తిరిగాయి. ప్లగ్గు మళ్ళీ గుచ్చారు.

ఫ్యాను గురగురమంది. ఆవిడ పీల్చింది.

"ఏమండీ... ఏదో పీడకల," అని గొణిగింది.

"ఏం లేదు... పడుకో," అన్నారు మాస్టారు గుసగుసగా.

ఆవిడ నిద్రపోయాక, పెట్టె నడుస్తుండగానే మూత ఎత్తి చూశారు. తుడిచిన రెక్కలనిండా మళ్ళీ మడ్డి. పచ్చగా, తీగలు సాగుతూ. భార్య పెదవి మూల కూడా అదే మెరుస్తోంది. తువ్వాలుతో తుడుస్తుంటే వాంతొచ్చినంత పనైంది. కట్టుకున్నదాన్ని చూసి అసహ్యం పుట్టినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ప్లగ్గు జోలికి పోలేదు.

పొద్దున ఆవిడ ఎవరి సాయం లేకుండా లేచి కూర్చుంది. మొహంలో కళ వచ్చింది. మాట్లాడితే మాత్రం నోట్లోంచి ఆ కంపే. మాస్టారు మొహం తిప్పుకోకుండా నిలబడ్డారు.

"వాచ్‌మన్ ఫోన్ చేశాడండీ. ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారట, ఇంకాసేపట్లో కరెంటు తీసేస్తారట. సాయంత్రం దాకా రాదట," అందావిడ. "పోనీలెండి, మీ పెట్టెకీ కాస్త విశ్రాంతి."

మాస్టారు ప్లగ్గుకేసి చూశారు. ఏదో చెబుదామని నోరు తెరిచారు.

టీవీ వెనక, ఎవరో తీరిగ్గా గొంతు సవరించుకున్నారు.