జల్లెడలో మిగిలిన గింజలు

తెల్లారేసరికి పాల క్యాన్లు రెండూ మూతిదాకా నిండాయి. మూడోది పట్టుకురమ్మని పెళ్లాన్ని కేకేశాడు కొడుకు. పన్నెండు రోజులుగా షెడ్డులో అతనిదే రాజ్యం. మోకాలు వాచి తల్లి మంచం పట్టాక మేత వేసే పని అతని చేతికొచ్చింది. మేత వేయడం కూడా ఒక విద్యేనా అనుకునేవాళ్లు లోకం నిండా ఉన్నారు, ఇతనూ వాళ్లలో ఒకడు. ఎండుగడ్డి సగానికి తగ్గించాడు. మొక్కజొన్న దాణా రెట్టింపు చేశాడు, అదీ పరగడుపునే. పాలు పెరిగాయి. ముప్పయ్యేళ్లలో అమ్మ చెయ్యలేనిది తను పన్నెండు రోజుల్లో చేశానని పాలకేంద్రంలో కనబడ్డవాడికల్లా చెప్పుకున్నాడు.

పెద్దది మేత గాడి వైపు మూతి తిప్పడం లేదని భార్య అంది. వయసైపోయింది, అలాగే ఉంటుందిలే అని కొట్టిపారేశాడు.

పెద్దదంటే పదకొండు ఈతలు ఈనిన ఆవు. చుట్టుపక్కల షెడ్లలో మూడో ఈతకో నాలుగో ఈతకో ఆవులు చతికిలబడి బేరానికి పోతుంటే, ఇది మాత్రం నిగనిగలాడుతూ ఏటా దూడనిస్తూనే ఉంది. అది దాని అదృష్టం అనుకునేవారు జనం. కాదు. ఒక ఆడమనిషి రోజూ పడ్డ పాటు.

కర్ర చప్పుడైంది. తల్లి కుంటుకుంటూ వచ్చింది. తిన్నగా ఆవు దగ్గరికి వెళ్లింది. పెద్దదాని ఎడమ డొక్కలో పిడికిలి అదిమిపెట్టి నిలబడింది. కడుపు బాగుంటే నిమిషానికి ఒకసారైనా లోపలినుంచి పొర్లి పిడికిలిని నెట్టాలి. ఎంతసేపున్నా నెట్టలేదు. షెడ్డులో మేకుకు వేలాడే పాత జల్లెడ తెమ్మని కోడలికి చెప్పింది. అందులో పిడికెడు పేడ వేసి నీళ్లు పోయించింది. పేడ కొట్టుకుపోయింది. గింజలు మిగిలాయి, వేసినవి వేసినట్టే.

"ఇదిగో నీ దాణా. లోపలంతా తిరిగి చూసొచ్చింది" అంది తల్లి.

కోడలికి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. కొడుక్కి మండింది.

"నేనేం చేసినా నీకు గిట్టదమ్మా. పాలు పెరిగాయా లేదా, అది చెప్పు."

"పెరిగాయి. దాని ఒంట్లోంచి పిండావు. ఒరేయ్, గడ్డి నమిలినకొద్దీ దానికి లాలాజలం ఊరుతుంది. కడుపులో పులుపుని విరిచేది అదే. నువ్వు గడ్డి లాగేసి గింజలు కుమ్మరించావు, లోపలంతా పులిసి కూర్చుంది. అది నెమరేసి ఎన్నాళ్లయిందో చూశావా?"

చూడలేదు. అతని చూపు క్యాన్ మీదే ఉంది ఇన్నాళ్లూ.

"రెండ్రోజులైంది అత్తయ్యా" అంది కోడలు. ఈసారి నవ్వలేదు.

పశువుల డాక్టరు వచ్చి గొట్టంతో వంటసోడా కలిపిన నీళ్లు కడుపులోకి పోశాడు. ఎండుగడ్డి తప్ప మరేదీ పెట్టొద్దన్నాడు. నెమరు మొదలైతే బతికినట్టు, లేదంటే ఆశ వదులుకోండి అని చెప్పి వెళ్లాడు. కొడుకు ఇంట్లోకి రాలేదు. పరకపరకగా గడ్డి మూతికందిస్తూ దాని పక్కనే కూర్చున్నాడు. పాలకేంద్రం వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మూడోరోజు మధ్యాహ్నం పెద్దదాని గొంతులో ఏదో ముద్ద పైకి కదిలింది. దవడ పక్కకు జరిగింది, మళ్లీ జరిగింది. అతను కదలకుండా చూశాడు. చూసి చూసి భోరుమన్నాడు.

"నాకు చేతకాదమ్మా. మేత నువ్వే వేసుకో."

తల్లి స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు పుట్టుకతో వచ్చిందనుకున్నావా? కాపురానికొచ్చిన కొత్తలో నేనూ ఇదే చేశాను. రెండావులు పోయాయి నా చేతిలో. రోగమొచ్చి పోయాయన్నాడు మీ నాన్న. నేను కాదనలేదు. ఆ తర్వాతే పేడ కడగడం మొదలెట్టాను."

కొడుక్కి తన చిన్నతనం గుర్తొచ్చింది. స్నేహితులు చూస్తే పరువు పోతుందని, అమ్మ పేడ కడిగే వేళకి వాళ్లని గుమ్మంలోంచే పంపేసేవాడు. ఆమె ముప్పయ్యేళ్లుగా రోజూ పొద్దున్నే ఆ రెండావులకీ జవాబు చెప్పుకుంటోందని అతనికి ఇప్పటిదాకా తెలీదు. ఆమె కాళ్ల దగ్గర అలాగే కూలబడ్డాడు.

"లే. నావి పోయాయి, నీది బతికింది. నాకంటే నువ్వే నయం" అంది తల్లి, అతని తల మీద చెయ్యేసి. "రేపట్నుంచి మేత నువ్వే వేస్తావు. నేను పక్కన కూర్చుని తిడతాను."