పెట్టిన లారీ

జీపు ఇంకా వెనకే ఉంది!

ఉషశ్రీ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పేస్తుంది. స్కూటీ అరుస్తుందే కానీ వేగం పెరగదు.

కరకట్ట మీద దీపాల్లేవు. ఎడమవైపు అరటితోటలు... కుడివైపు కృష్ణానది. అద్దంలో పోలీసు లైటు తిరుగుతోంది.

"దొరక్కు తల్లీ! తప్పుడు కేసని తెలిసిపోయింది. నిన్ను లోపలేస్తారు. ముందు చల్లపల్లి వచ్చెయ్!"

ఇందాక బాబాయి ఫోన్లో చెప్పిన మాట అది. అప్పుడామె బెంజ్ సర్కిల్ దగ్గర, తను పనిచేసే బట్టల షాపులో ఉంది. బ్యాగు కూడా తీసుకోకుండా బయల్దేరింది.

తప్పుడు కేసే మరి!

మొన్న వేసవిలో ఇదే కట్ట మీద ఆమె భర్త పవన్‌కుమార్ బైకును ఏదో లారీ గుద్దేసి పోయింది. అక్కడికక్కడే ప్రాణం పోయిందతనికి. నంబరు చూసినవాడు లేడు. నంబరు లేని కేసుకి వచ్చే పరిహారం ముష్టే.

అప్పుడు బాబాయి వెంకటసుబ్బారావే ముందుకొచ్చాడు.

"నా లారీ పెట్టుకోమ్మా. గుద్దింది నేనేనని మా డ్రైవరు ఒప్పుకుంటాడు. ఇచ్చేది ఇన్సూరెన్స్ వాడేగా!"

లారీ పెట్టడమంటే వాళ్ళవాళ్ళల్లో సాయం కింద లెక్క. పెళ్ళికి షామియానా ఇచ్చినట్టు! ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు.

తన పాప మొహం చూసి ఉషశ్రీ సరేనంది. స్టేషన్లో ఆ లారీ నంబరే చెప్పింది.

టైరు జారింది!

స్కూటీతో సహా పక్కకి పడుతుంది. మోచేయి చెక్కుకుపోయింది. లేచేలోగా జీపు కీచుమని ఆగుతుంది.

దిగింది ఎస్సై శాంభవి. ఆమె ఛాతీ మీద కెమెరా. అందులో ఎర్రచుక్క వెలుగుతోంది.

"ఉషశ్రీ గారూ! ఎందుకండీ పారిపోతున్నారు? మీతో ఓ మాట..."

"జైల్లో పెట్టకండి మేడమ్!" ఉషశ్రీ రెండు చేతులూ జోడిస్తుంది. "నా పాపకి ఇంకెవరూ లేరండీ!"

"ఆగండి. ముందు నేను చెప్పేది..."

"ఆ లారీ గుద్దలేదండీ! మేమే పెట్టాం! మా బాబాయిది తప్పేం లేదు, నేనే బతిమాలుకున్నా..."

"ఆగమన్నానా!"

ఎస్సై చెయ్యి కెమెరాని మూసేస్తుంది. ఆలస్యమైపోయింది... మాట అందులోకి ఎక్కేసింది.

"ఎంత పని చేశారండీ!" శాంభవి నుదురు పట్టుకుంటుంది. "సాయంత్రమే ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఆ లారీ అడుగున రక్తం దొరికింది. మీ ఆయనదే!"

ఉషశ్రీకి అర్థం కాదు.

"గుద్దింది ఆ లారీయే! నడిపింది డ్రైవరు కాదు... మీ బాబాయి గారబ్బాయి. లైసెన్సు లేదు వాడికి. పెట్టిన లారీ అని ఊరంతా అనుకుంటే, అసలు లారీ అదేనని ఎవడికి తోస్తుంది? ఆ మాట చెప్పడానికే మీ వెనక వచ్చా."

"కానీ... మీరొస్తున్నారని, పారిపొమ్మని బాబాయే..."

"ఆయనకెవరు చెప్పారు?" శాంభవి గొంతు మారిపోతుంది. "మా స్టేషన్లోనే ఎవడో అమ్ముడుపోయాడన్నమాట!"

పవన్ పాడె మోసింది బాబాయే! ఆమెకంటే ఎక్కువ ఏడ్చిందీ బాబాయే! ఉషశ్రీకి ఒళ్ళంతా అసహ్యం... కోపం... ఏం చెయ్యాలో తెలియని భయం.

"పట్టుకోండి మేడమ్! వాళ్ళని వదలొద్దు!"

"ఏమని పట్టుకోను? ఆ లారీ కాదని పోయినాయన భార్యే చెప్పింది. రక్తం కూడా మీరే పూశారంటాడు వాళ్ళ లాయరు."

"చెరిపెయ్యండి... మీ కాళ్ళు పట్టుకుంటా!"

"నా చేతుల్లో లేదమ్మా. ఇది నేరుగా కంట్రోల్ రూమ్‌కి పోతుంది."

ఉషశ్రీ రోడ్డు మీదే కూలబడుతుంది. పక్కన పడి ఉన్న ఫోన్ మోగుతోంది.

బాబాయి!

ఉషశ్రీ ఎత్తుతుంది.

"దొరికిపోయావా తల్లీ?" అవతల గొంతులో కంగారే లేదు. "పోన్లే... ఆ లారీ కాదని చెప్పేశావుగా?"