ఆకలి దవడ

మీ దవడ ఎముకను మీరెప్పుడైనా చేత్తో తడిమి చూసుకున్నారా, పిల్లలూ? ఇదిగో, ఇలా. చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరవండి. ఇప్పుడు మూయండి. ఏదో కదిలింది కదూ? అదే కీలు. అక్కడ మొదలై, గడ్డం చుట్టూ తిరిగి, రెండో చెవి దగ్గర ఆగుతుంది ఆ ఎముక. తలలో కదిలి పనిచేసే ఎముక అదొక్కటే, అదీ రోజంతా. మీ తమ్ముడి విషయంలో అయితే రాత్రి కూడా.

"అమ్మమ్మా! పైవాటాకి రెండు గిన్నెల్లో జావ ఎందుకు పంపిస్తావని అడిగితే, ఈ పాఠమేంటి?"

పాఠం చెప్పకుండా నేను జవాబు చెప్పానా ఎప్పుడైనా? పొయ్యి సన్నగా పెట్టి వచ్చాను. అది ఉడికేలోగా నా జవాబు అయిపోతుంది. కాళ్ళు ముడుచుకుని కూర్చోండి.

పైవాటాలో ఉండేది అక్కా తమ్ముడూ. అక్క పనిచేసే చోట అందరూ ఆమెను కొలతలక్క అంటారు. జబ్బు చేసో, దెబ్బ తగిలో ఎముక పోయినవాళ్ళకి టైటానియంతో కొత్త ముక్క చేసే చోటు అది. బజార్లో చెప్పులు కొన్నట్టు సైజు చెప్పి తెచ్చుకునేది కాదు. ఎవరి ముక్క వాళ్ళకే. రోగి స్కాన్ వస్తుంది. కొలతలక్క దాన్ని తెరమీద ఎముకగా నిలబెడుతుంది. దవడ ఎడమ పక్క పాడైతే కుడి పక్కను అద్దంలో తిప్పినట్టు తిప్పి, ఎడమ పక్కన అతికిస్తుంది. మనిషి మొహంలో రెండు సగాలూ అక్కాచెల్లెళ్ళ లాంటివి, అచ్చంగా ఒకటి కావు కానీ ఒకదాని బట్టలు ఇంకొకదానికి సరిపోతాయి. అది కుదిరాక ముందు ప్లాస్టిక్‌తో ఒక నమూనా తీస్తారు, డాక్టర్లు చేత్తో పట్టుకుని చూసుకోవడానికి. తర్వాత లోహంతో అసలు ముక్క. దాన్ని నున్నగా రుద్దే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. మెరుగు బాబాయ్ అనేవాళ్ళు.

ఆ బాబాయ్ పెట్టిన ఆచారం ఒకటుంది అక్కడ. రోగి కొత్త దవడతో మొదటి ముద్ద నమిలాడని కబురు వచ్చాకే ఆ నమూనాను అతనికి పంపేస్తారు. ముద్ద నమలకుండానే రోగి పోయాడనుకోండి, ఆ రోజే దాన్ని సుత్తితో పగలగొట్టాలి.

"తినకుండా పోయినవాడి దవడ ఊరుకోదమ్మా," అనేవాడు. "అది ఆకలి దవడ. ఉంచకూడదు."

"ప్లాస్టిక్‌కి ఆకలేంటి బాబాయ్? మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం మర్చిపోయావా?" అని నవ్వేది కొలతలక్క.

ఒకసారి ఒకతనికి దవడ చేశారు. నెలల తరబడి గొట్టంలోంచి నీళ్ళలాంటి తిండే తిన్న మనిషి. ముక్క తయారైంది, నున్నగా రుద్దారు, పెట్టెలో పెట్టారు. ఆపరేషన్ దాకా ఆయన ప్రాణం ఆగలేదు. ఆ సాయంత్రం కొలతలక్క చేతికి నమూనా ఇచ్చి, "పగలగొట్టెయ్యి తల్లీ, నాకు నడుం లేవడం లేదు," అన్నాడు బాబాయ్. ఆమెకి మాత్రం లేస్తోందా? నిద్రకి మొహం వాచిపోయి ఉంది. ముందు పళ్ళ మధ్య ఒక సందు ఉన్న ఆ దవడను చూసింది. సుత్తి వెతకడానికి కూడా ఓపిక లేక, కింది సొరుగులో పెట్టి తోసేసింది. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు రాలేదు. మీరు హోంవర్కు విషయంలో చేసేదే.

తర్వాత ఆమె తమ్ముడికి జబ్బు చేసింది.

తల్లి పోయాక తనే పెంచిన తమ్ముడు. వ్యాను నడిపేవాడు. రోడ్డు మీద ఎవరు అడ్డం వచ్చినా తిట్టేవాడు కాదు, పాట అందుకునేవాడు. వాడి కింది దవడలో గడ్డ లేచింది. ఒక పక్క కాదు, రెండు పక్కలా. మొత్తం తీసెయ్యాలన్నారు.

"నా మొహానికి కూడా కొలత టేపు పెడతావేంటే అక్కా?" అన్నాడు వాడు, మాట ముద్దముద్దగా వస్తుంటే. "పెట్టేదేదో కాస్త అందమైన దవడ పెట్టు. సంబంధాలు రావాలి."

"ఉన్న మొహానికే ఎవరూ రాలేదు. నోర్ముయ్యి."

వాడు నవ్వబోయి, నొప్పితో ఆగిపోయాడు. మెల్లగా అన్నాడు. "నిజంగా అడుగుతున్నానే. మళ్ళీ ఏదైనా గట్టిగా నమిలి తింటానా?"

"తింటావు. నాదీ పూచీ," అంది.

పూచీ అయితే పడింది కానీ, తెరముందు కూర్చుంటే కాళ్ళూ చేతులూ ఆడలేదు. తిప్పి వెయ్యడానికి బాగున్న పక్క ఏది? ఇలాంటప్పుడు జబ్బుకి ముందు తీసిన స్కాన్ ఉంటే దాన్ని చూసి చేస్తారు. వాడికి అదీ లేదు. పగలంతా మిగతావాళ్ళ ముక్కలు, సాయంత్రం ఆసుపత్రి, మధ్యలో ఈ గీతలు. గీసిందల్లా పై పళ్ళకి కలవలేదు. డాక్టరు ఫోన్ చేసి, "గడ్డ మన కోసం ఆగదమ్మా," అన్నాడు. ఆఖరికి పాత రోగులకి గీసిన దవడలు ఒక్కొక్కటే తెరమీదికి తెచ్చి తమ్ముడి మొహం కింద పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఒకటి వెడల్పు. ఒకటి పొట్టి. ఒకటి కీళ్ళ దగ్గర తన్నింది.

ఆకలితో పోయిన ఆయన దవడ పెట్టింది.

గోరంత కూడా జరపాల్సిన పని పడలేదు. కీళ్ళు గుంటల్లో కూర్చున్నాయి. పై పళ్ళ వరస కింద సరిగ్గా అమరింది. కొలతలక్క కుర్చీలో వెనక్కి వాలి, చాలా రోజుల తర్వాత గట్టిగా ఊపిరి తీసుకుంది. ఒకరి దవడ ఇంకొకరికి అలా అమరదని ఆమెకు తెలుసు. అందరికంటే బాగా ఆమెకే తెలుసు. అయినా అలిసిన మనిషి కుదిరినదాన్ని కదపదు.

ముక్క తయారై వచ్చాక మెరుగు బాబాయ్ దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా తమ్ముడిది బాబాయ్."

"నా చెయ్యి దీన్ని ఇంతకు ముందు రుద్దినట్టుంది."

ఆమె తెరవైపు తిరిగింది. ఆయన దాన్ని రుద్ది ఇచ్చేశాడు. ఆ వారంతోనే పని మానేశాడు, నడుం నొప్పి అని చెప్పి.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చారు. నోరు కదలకుండా తీగలతో బిగించారు. కింది పళ్ళు తర్వాతెప్పుడో, ఎముక కుదురుకున్నాక పెడతారట. అప్పుడే ఆమెకి ఆ సొరుగు గుర్తొచ్చింది. పని చేసే చోట పగలగొడితే నలుగురూ అడుగుతారు. నమూనాను గుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి అల్మరాలో పెట్టింది, కాస్త వీలు చూసుకుని పగలగొడదామని.

ఆ సాయంత్రం వాన పట్టింది. కరెంటు పోయింది. గదిలో మందుల వాసన, తడిసిన గోడల వాసన. తమ్ముడు మంచం మీద మగతగా పడుకున్నాడు. ఆమె పక్కనే కుర్చీలో కూర్చుని, కిటికీ మీద నీటి చుక్కలు జారడం చూస్తోంది. లేచి దీపం వెలిగించాలి. లేవలేకపోతోంది.

వాన చప్పుడు కింద ఇంకో చప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్.

ఎవరో ఖాళీ నోరు నములుతున్నట్టు.

వంగి తమ్ముడి మొహం చూసింది. పెదాలు కలిసి ఉన్నాయి. తీగలు బిగుతుగానే ఉన్నాయి. దవడ కదలడం లేదు.

చప్... చప్...

అల్మరాలోంచి.

తలుపు తీసింది. ముందు వాసన కొట్టింది. ప్లాస్టిక్ వాసన కాదు. రోజుల తరబడి తిండి లేని మనిషి దగ్గరగా వచ్చి ఊపిరి వదిలితే ఎలా ఉంటుంది... అది. గుడ్డ విప్పింది. గుడ్డ తడిగా ఉంది. పళ్ళు తడిగా ఉన్నాయి. వాన అక్కడికి ఎలా వస్తుంది?

ఇంక ఆలోచించలేదు. దాన్ని నేలమీద పెట్టి సుత్తి తీసుకుంది. కళ్ళు మూసుకుని ఒక్కటి వేసింది. మెల్లగానే.

మంచం మీద తమ్ముడు విలవిల్లాడిపోయాడు. రెండు చేతులతో గడ్డం పట్టుకున్నాడు. బిగించిన నోటి వెనక నుంచి ఒక మూలుగు. నేలమీది నమూనా మీద చిన్న గీత పడింది, అంతే. తమ్ముడి చెంప మీద కట్టు కింద ఎర్రగా తేలింది.

సుత్తి చేతిలోంచి జారిపోయింది.

"ఆకలి..."

స్పష్టంగా వినపడింది. తీగలు వేసిన నోట్లోంచి రాగల మాట కాదది. తమ్ముడి కళ్ళు మూసే ఉన్నాయి.

ఆమె మంచం మీదికి వంగింది. గుసగుసగా అడిగింది.

"ఎవరికిరా?"

వాన ఒక్క క్షణం ఆగినట్టయింది.

"ఇద్దరికీ."

ఆ సాయంత్రమే, చీకట్లో మెట్లు తడుముకుంటూ, తడిసిన చీరతో కిందికి వచ్చింది నా దగ్గరికి. "టీచరుగారూ, కాస్త జావ ఉంటే ఓ గిన్నెడు..." అని ఆగింది. "కాదు. రెండు గిన్నెలు." ఆ మెట్ల మీదే కూర్చుని ఇదంతా చెప్పింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి కదా. "భయంగా లేదా తల్లీ?" అన్నాను. "భయపడుతూ కూర్చుంటే వాడికి తిండి ఎవరు పెడతారండీ?" అంది.

అప్పట్నుంచీ ఇదే వరస. ఒక గిన్నె తమ్ముడికి. రెండోది, చెక్క చెంచా వేసి, అల్మరాలో. తమ్ముడు కోలుకున్నాడు. తీగలు తీశారు. మాట వచ్చింది, పాటా వచ్చింది. మొన్న నన్ను చూసి, "టీచరుగారూ, మీ జావ తిని తిని నాకు అఆలు మళ్ళీ వచ్చేలా ఉన్నాయి," అన్నాడు. వాడికి ఏమీ గుర్తు లేదు. ఒక్క పూట ఆ రెండో గిన్నె పంపకపోతే మాత్రం, ఎంత తిన్నా కడుపు నిండలేదంటాడు.

"ఊరికే చెప్తున్నావు అమ్మమ్మా. ఆ రెండోది కూడా ఆ అక్కే తింటుందేమో."

నేనూ అలాగే అనుకున్నాను తల్లీ. చదువు చెప్పినదాన్ని, కళ్ళతో చూడనిదే నమ్ముతానా? అందుకే రోజూ ఆ చెక్క చెంచాను తోమేటప్పుడు దీపం దగ్గర పెట్టి చూస్తాను. కింది వైపు పంటిగాట్లు ఉంటాయి. అక్క కొరికిందనుకుందామంటే, మధ్యలో సందు. ఆమె పళ్ళు ముత్యాల్లా కలిసి ఉంటాయి. తమ్ముడికేమో కింది పళ్ళు ఇంకా పెట్టనే లేదు.

అది కాదు నా బాధ. దానికి అలవాటు పడ్డాను.

నిన్న వచ్చిన చెంచా చూశాను. గాట్లున్నాయి, మామూలుగానే. కానీ మధ్యలో ఆ సందు లేదు. అక్కడ ఇంకో గాటు పడింది. చిన్నది... సన్నగా, కొత్తగా మొలిచే పంటిలా.

"ప్లాస్టిక్‌కి పన్ను ఎలా మొలుస్తుంది అమ్మమ్మా?"

నాకు తెలియదమ్మా. తెలియనిదాన్ని తెలియదనే చెప్పాలి. అటు జరుగు, లేవనీ. జావ అడుగంటుతున్న వాసన వస్తోంది. ఇంకా వడకట్టనే లేదు, గిన్నెలు రెండూ తోమాలి. పైనుంచి ఆ చప్పుడు అప్పుడే మొదలైంది.