కిటికీ కెమెరా వద్దు

పొద్దున్నే సిస్టర్ టీ పోస్తుండగా కూతురు బల్ల మీద ఒక అట్టపెట్టె పెట్టింది. ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా చేసిన మనిషి కావడంతో, ఉద్యోగం మానేసినా వీధిలో అందరికీ ఆమె సిస్టరే. కిందటేడు వచ్చిన జబ్బుతో కుడిచెయ్యి వణకడం మొదలైంది. టీ సగం సాసరులోనే పడింది.

“ఏంటే ఇది?”

“కెమెరా. కిటికీకి బిగిస్తే చాలు, దానంతటదే తీస్తుంది. వరండాలో నాలుగు గింజలు చల్లావంటే పిట్టలన్నీ ఇక్కడికే వస్తాయి.”

“నాకు పిట్టలొద్దు చిన్నీ. నీటికుక్కలు కావాలి.”

చిన్ని మొహం ముడుచుకుంది. ఊరి చివర కాలువలో చేపలు పట్టి తినే ఓ తల్లి నీటికుక్క రెండు పిల్లల్నేసుకుని తిరుగుతోందని సిస్టర్ రెండు నెలలుగా చెబుతూనే ఉంది. ఫోనులో తీసి చూపించింది కూడా. ఊగిపోతున్న ఆ వీడియోలో నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ఎలుకలై ఉంటాయిలెమ్మని చిన్ని నవ్వేసింది. ఆ నవ్వు సిస్టర్‌కి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

“ఆ గట్టు మీద ఒకసారి జారిపడ్డావు. మళ్లీ వెళ్తానంటే నేనొప్పుకోను.”

“నిన్నొప్పుకోమని ఎవరడిగారు? ఇది వెనక్కిచ్చేసి నాకు పనికొచ్చేది తెచ్చుకుంటా. నువ్వు రాకపోతే బస్సెక్కి పోతాను.”

చిన్నికి వెంట వెళ్లక తప్పలేదు. కెమెరాల దుకాణం యజమాని సిస్టర్ చేతివైపు ఓసారి చూసి, చిన్నితో అన్నాడు. “పెద్దావిడకి బాగా తేలికైంది ఇద్దాం మేడమ్. బటన్ నొక్కితే చాలు.”

“కొనేది నేను. నాతో మాట్లాడండి,” అంది సిస్టర్.

ఆయన ఆమె వైపు తిరిగాడు.

“తేలికైంది నా చేతిలో ఇంకా ఊగుతుంది. నాకు బరువైన స్టాండు కావాలి. పైన కెమెరా తిరిగే చోటు నూనెలో తిరిగినట్టు నింపాదిగా తిరగాలి. నేను వణికినా అది వణక్కూడదు.”

ఆయన తీసిచ్చిన మొదటి స్టాండు పైభాగం, తిప్పి చెయ్యి వదలగానే వెనక్కి జరిగింది. రెండోది కిర్రుమంది. “ఈ చప్పుడుకే అవి మునిగిపోతాయి,” అని పక్కన పెట్టేసింది. మూడోది నచ్చింది. లెన్సుల్లో బాగా పొడుగుది కాదని, వెలుతురు ఎక్కువ లాక్కునే పొట్టిది తీసుకుంది. “దూరానివి అందకపోతే, అవి దగ్గరికొచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటాను. తెల్లవారుజాము మసకలో బొమ్మే రాకపోతే ఏం చేసుకోను?”

చిన్ని ఇక ఉగ్గబట్టుకోలేకపోయింది. “ఇంత బరువు ఎలా మోస్తావమ్మా? అక్కడ పడిపోతే ఎవరు చూస్తారు? నువ్వు జారిపడ్డ రోజు ఆస్పత్రి నుంచి ఫోనొస్తే నా ప్రాణం ఎలా విలవిల్లాడిందో నీకేం తెలుసు?”

“తెలుసు. అందుకని నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టేస్తావా? ఎంతమందిని మంచం దింపి నడిపించానో లెక్కలేదు. లేవనివ్వకపోతే మనిషి ఏమైపోతాడో నీకంటే నాకు బాగా తెలుసు. బరువైతే చక్రాల సంచీలో లాక్కెళ్తా. నిన్ను మాత్రం బతిమాలను.”

రెండు రోజులు తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మూడోనాడు ఇంకా తెల్లవారకముందే సిస్టర్ సంచీ లాక్కుంటూ బయల్దేరింది. వెనకే చెప్పుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు.

గట్టు మీద గంటసేపు కూర్చున్నాక నీళ్లలో గీత కదిలింది. తల్లి నీటికుక్క చేపను నోట కరుచుకుని రాతి మీదికెక్కింది. రెండు పిల్లలూ దాని మూతి మీద పడి చేపకోసం పెనుగులాడాయి. చిన్ని ఊపిరి బిగబట్టి కెమెరా తెర వైపు వంగింది. బొమ్మ కాస్తయినా ఊగడం లేదు. స్టాండు పిడి మీద అమ్మ చెయ్యి మాత్రం వణుకుతూనే ఉంది.

ఏడాదిగా తను ఆ చేతినే చూస్తోంది. అమ్మ ఎటు చూస్తోందో ఒక్కనాడూ చూడలేదు. చిన్ని కళ్లు నిండిపోయాయి.

“అమ్మా, నేను…”

“మాట్లాడకు. మైకు ఆన్‌లో ఉంది.”

చిన్ని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు. నీటికుక్కలు మునిగి వెళ్లిపోయాక సిస్టర్ మైకు ఆపింది.

“రేపూ వస్తాను. నువ్వొద్దన్నా వస్తాను.”

“వద్దనను,” అంది చిన్ని, ముక్కు తుడుచుకుంటూ. “ఎన్నింటికి లేవాలో చెప్పు.”