మైకు తాత ప్రార్థన

ఆమె నన్ను మొదటిసారి పలకరించింది తిట్టుతోనే.

"అద్దం చూపించరా?"

దిక్కులేని ముసలివాళ్ళ కోసం సిస్టర్లు నడిపే ఆశ్రమం అది. "సెలూన్ ఉంది కదా, ఆదివారం పూజ అయ్యాక కాసేపు దేవుడికివ్వు" అని మా చర్చి ఫాదర్ పంపితే గడ్డాలు గీయడానికి వెళ్ళాను. ఒక తాతకి పూర్తిచేసి ఇంకొకర్ని పిలిచేలోపు, పుళ్ళకి కట్లు కట్టే ట్రేతో ఆమె అడ్డంగా నిలబడింది.

"గడ్డం తీసేశాను కదండీ. అద్దమెందుకు?"

"మీ షాపుకొచ్చే వాళ్ళకి చూపించరా?"

వాళ్ళు డబ్బులిస్తారు అనబోయి నాలుక కరుచుకున్నాను.

"ఈయన కూడా కస్టమరే. చూపించి, బాగుందా అని అడగండి."

చూపించాను. తాత బుగ్గ అటూ ఇటూ తిప్పుకుని, "ఇక్కడ మిగిలిపోయింది, కనబడ్డం లేదా?" అని దబాయించాడు. ఆమె ఫక్కున నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

వారమంతా మందుల షాపులో పని, ఆదివారం ఇక్కడ కట్లు. అదీ ఆమె జీవితం. అద్దాన్ని తాత చెవి పక్కకి కాస్త వంచితే ఆమె కనిపిస్తుందని తొందరలోనే కనిపెట్టాను. "అద్దం తాతకి చూపించండి" అనేది, తల తిప్పకుండానే.

అలా హాయిగా సాగుతుండగా ఒక ఆదివారం మెల్లగా చెప్పింది. "ఇక్కడి పెద్ద సిస్టర్, మదర్, నన్ను కాన్వెంట్‌లో చేరమంటున్నారు, సిస్టర్‌గా. వచ్చే ఆదివారం భోజనాలయ్యాక నా మాట చెప్పాలి. మీరేమంటారు?"

"నేనా? మంచి... మంచి పనే కదండీ."

"అంతేనా?" అంది. ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ వారం నాకు తిండీ నిద్రా లేవు. ఒక కస్టమర్‌కి సగం మీసం లేపేశాను. పోటీకొచ్చింది ఇంకో కుర్రాడైతే ఏదోలా తేల్చుకునేవాణ్ణి. ఇక్కడ పోటీ దేవుడితో! అడ్డుపడితే పాపమేమోనని భయం. ఊరుకుందామంటే ప్రాణం ఊరుకోవడం లేదు.

"ముందు ఆ పిల్లతో మాట్లాడరా. దేవుడితో తర్వాత మాట్లాడుదువుగాని" అంది అమ్మ. ఆ ధైర్యమే ఉంటే ఇంకేం!

ఆదివారం కత్తి పట్టుకుంటే చెయ్యి వణికింది. కుర్చీలో మైకు తాత. ఆయనకి చెవులు సరిగ్గా వినబడవు. అందుకే ఏం మాట్లాడినా హాలంతా మోగుతుంది.

"ఏరా, నా పీక కోస్తావా?"

ఆయన చెవిలో నోరు పెట్టి గోడంతా వెళ్ళబోసుకున్నాను. "నాకోసం ప్రార్థన చెయ్యి తాతా. ఆవిడ వెళ్ళకూడదు. దేవుడికి కోపమూ రాకూడదు." మొహమంతా నురగతో తాత గంభీరంగా తలూపాడు. ఒక బుగ్గ పూర్తయ్యేసరికి భోజనాల గంట కొట్టారు.

మిగతా ఆదివారాలైతే ఈపాటికి షాపు తెరవడానికి పరిగెత్తేవాణ్ణి. ఇవాళ కాళ్ళు కదల్లేదు. అందుకే అక్కడి ఆనవాయితీ అప్పుడే తెలిసింది. కంచాల ముందు నిలబడి ఒక్కొక్కరూ తమ ప్రార్థన పైకే చెబుతారు. ఒకాయన తన మోకాలి కోసం, ఒకావిడ ఎక్కడుందో తెలియని కూతురి కోసం. ప్రతిదానికీ హాలంతా ఒక్క గొంతుతో, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంటోంది.

మైకు తాతకేసి వద్దు వద్దని చేతులు ఊపాను. ఆయన నాకు అభయమిస్తున్నట్టు చెయ్యెత్తాడు.

"దేవా! ఈ సెలూన్ కుర్రాడు మన మందుల పిల్ల మీద ప్రాణాలు పెట్టుకున్నాడు. ఆ పిల్ల కాన్వెంటుకి పోకుండా చూడు. నువ్వేమీ కోప్పడకూడదట. పోయిందంటే వీడు నా పీక కోసేట్టున్నాడు!"

ఎవరూ బదులు పలకలేదు. మదర్ ఆమెనే చూస్తున్నారు. ఆమె తల వంచుకుంది. అయిపోయింది, ఇక ఈ గుమ్మం తొక్కలేను అనుకున్నాను.

అప్పుడొక్క సన్నని గొంతు వినిపించింది.

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి."

ఆమెదే.

మదర్ కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక చిన్నగా నవ్వారు. "నీ మాట వినేశాం తల్లీ. ఏం, మిగతావాళ్ళకి నోళ్ళు లేవా?" హాలు దద్దరిల్లింది.

భోజనాలయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది. "తాతతో చెప్పించాలా? మీకు నోరు లేదా?"

"భయమేసిందండీ."

"మీరు మంచి పనే అన్నారుగా, ఈ వారమంతా నాకూ అన్నం సయించలేదు."

"మరి దేవుడు?"

"నా ఆదివారాలు ఆయనకి ఎప్పుడో ఇచ్చేశాను, వెనక్కి తీసుకోను. మీరూ తీసుకోకూడదు."

"ఒరేయ్!" మైకు తాత అరిచాడు, సగం గడ్డంతోనే. "రెండో బుగ్గ ఎవడు గీస్తాడు?"

గీశాను. అద్దం ఎత్తి పట్టుకుంటే చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఆమె వచ్చి రెండో అంచు పట్టుకుంది.

"బాగుందా తాతా?" అని ఇద్దరం ఒకేసారి అడిగాం.