జగన్నాధం మాస్టారి ఓటీపీ

"ఈ కాగితానికి పసుపు ఎవరు పెట్టారండీ?"

కౌంటరు వెనక అమ్మాయి అలా అడిగేసరికి కొండబాబు తల గోక్కున్నాడు. నిజమే చెప్పాడు.

"మా మామ్మండి. మంచి కాగితం ఏది గుమ్మం దాటినా నాలుగు మూలలా పసుపు పెట్టి గానీ పంపదు. నా ఇంటర్ హాల్‌టికెట్‌కీ పెట్టింది."

"పాసయ్యారా?"

"సప్లిమెంటరీలో అయ్యానండి."

ఆ అమ్మాయి నవ్వాపుకోవడానికి ప్రింటర్ వైపు తిరిగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ నవ్వు సగం కొండబాబు చూసేశాడు, మిగతా సగం చూడాలని మనసులో పట్టుదల పుట్టేసింది.

ఆమె పేరు ఈశ్వరి. శ్రీకాకుళం ఆడిటరు గారు ఆదాయపు పన్ను రిటర్నుల సీజను కోసం కోటబొమ్మాళి బజారులో ఒక గది అద్దెకు తీసుకుని ఆమెను కూర్చోబెట్టారు. కొండబాబుది అదే బజారు చివర మోటార్లు రిపేరు చేసే షాపు. ఇంతకీ రిటర్ను అతనిది కాదు, వాళ్ళ తాత జగన్నాధం మాస్టారిది.

రిటర్ను ఆన్‌లైన్లో ఎప్పుడో వెళ్ళిపోయింది. అది తనదేనని తాత ఒప్పుకుంటే చాలు. ఫోనుకొచ్చే ఓటీపీ చెబితే క్షణంలో పని. కానీ ఎనభై దాటిన ఆ రిటైర్డ్ హెడ్మాస్టరుకి బ్యాంకువాళ్ళు పంపిన మెసేజి శిలాశాసనం.

"ఓటీపీ ఎవరికీ సెప్పొద్దన్నారు. ఎవరికీ అంటే అందులో నువ్వూ ఉన్నావురా."

పోనీ ఆఫీసుకొచ్చి మీరే టైపు చెయ్యండి అంటే, తెర మీద పడ్డాక దాపరికమేముందన్నారు. ఇక మిగిలింది పాత పద్ధతి. ప్రింటు తీసి, సంతకం పెట్టి, గడువులోగా బెంగుళూరు పన్నుల ఆఫీసుకి పోస్టులో పంపడం.

"పసుపు బార్‌కోడ్ మీదికొచ్చేసిందండి. మెషిను సదవదు, వెనక్కొచ్చెస్తాది." ఈశ్వరి కొత్త ప్రింటు ఇచ్చింది. "నీలం పెన్నుతో సంతకం పెట్టించండి. మడత పెట్టకండి. నాకు సూపించాకే స్పీడ్ పోస్ట్ సెయ్యండి."

ఈసారి కొండబాబు మామ్మ కూర్మమ్మకి గట్టిగా చెప్పాడు. ఆవిడ బుద్ధిగా పసుపు ముట్టలేదు. సంతకం చక్కగా పడింది. ఆ మచ్చలేని కాగితాన్ని చూస్తుంటే కొండబాబుకి దిగులు పట్టుకుంది. ఇది పోస్టులో పడితే మళ్ళీ ఆ గదికి వెళ్ళడానికి సాకేముంది?

వంటింట్లోకి వెళ్ళి తనే పసుపు రాశాడు.

"మళ్ళీనా?" అంది ఈశ్వరి.

"పెద్దావిడండి. సెబితే యినదు."

అప్పుడే వాన మొదలైంది. వానలో వెళ్ళలేడు కాబట్టి కూర్చున్నాడు. కూర్చున్నాడు కాబట్టి టీ తెప్పించాడు. ఆమె సొంతూరు శృంగవరపుకోట అనీ, మోటార్లు ఎందుకు కాలిపోతాయో ఆమెకు నిజంగానే తెలుసుకోవాలని ఉందనీ తెలిసింది. వాన ఆగింది. ఇద్దరిలో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

అలా సాగితే బాగానే ఉండును. కానీ మూడో కాగితం నాడు ఇంట్లో కరెంటు పోయింది. చీకట్లో చేతికందిన డబ్బాలో వేలు ముంచి, నాలుగు మూలలా రాసి పట్టుకొచ్చాడు కొండబాబు.

ఈశ్వరి కాగితం అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇంగువ వాసనొస్తన్నాది."

కొండబాబు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు.

"ఇది సాంబారు పొడండి. మీ మామ్మ సాంబారు పొడితో పూజ సేస్తారేటి?"

"అది... ఈ మద్దిన..."

"మీరే రాసారు కదా?"

తలూపాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నానొక్కదాన్నే సొంతంగా వేసిన మొదటి రిటర్నండి ఇది. రేపటితో గడువైపోతాది. ఇప్పుడు పోస్టు సేసినా బెంగుళూరు సేరదు. మా సారు మీ సాంబారు పొడిని తిట్టరు, నన్ను తిడతారు." ఆమె కాగితాన్ని తిరిగి అతని ముందుకి తోసేసింది. "ఎల్లుండి శ్రీకాకుళం వెళిపోతన్నాను. మంచోరనుకున్నాను మిమ్మల్ని."

ఆమెను చూడాలని చేసిన పనితో కొండబాబు ఆమె మీదికే ముప్పు తెచ్చిపెట్టాడు. దిద్దుకోవడానికి ఒక్కటే దారి. ఇంటికెళ్ళి తాత ముందు నిలబడి, సాంబారు పొడితో సహా అంతా చెప్పేశాడు.

"ఉద్యోగంలో సేరినకాడ్నుంచి నా రిటర్ను ఒక్క ఏడాదీ లేటవలేదురా," అన్నారు మాస్టారు. "ఎందుకు సేసావీ పని?"

"ఆ అమ్మాయిని సూడ్డానికి తాతా."

కూర్మమ్మ బియ్యం ఏరడం ఆపింది.

"నా డబ్బా మూత అందుకేటి తీసున్నాది," అంది. "పిల్ల ఎలగుంటాదిరా?"

మర్నాడు మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని కొండబాబు బండెక్కారు. వెనకే ఆటోలో కూర్మమ్మ. ఆఫీసులోకి వచ్చిన ఆ ముగ్గురినీ చూసి ఈశ్వరి లేచి నిలబడింది.

"ఎవరమ్మాయివి తల్లీ?"

"శృంగవరపుకోటండి మాస్టారూ. మా నాన్న పోతురాజు, బస్సు డ్రైవరు."

"ఈడు నా మనవడు. కాలిన మోటార్లకి తీగ బాగా సుడతాడు. కాగితాలకి సాంబారు పొడి రాస్తాడు. ఈడంటే నీకిష్టమేనా?"

కొండబాబుకి బల్ల కింద దూరిపోవాలనిపించింది.

ఈశ్వరి చూపు కంప్యూటర్ తెర మీదే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "ముందు ఓటీపీ సెప్పండి మాస్టారూ. టైమైపోతన్నాది."

ఆయన జేబులో ఫోను కుయ్‌మంది. తీసి, చేత్తో మూసుకున్నారు.

"బయటోళ్ళకి సెప్పనమ్మా. ఇంటోళ్ళకైతే సెబుతాను. నీకిష్టం లేదంటే ఆ మాటే సెప్పు, కళ్ళజోడు ఎట్టుకుని నానే టైపు సేస్తాను. తప్పు మావోడిది. నీ పని ఆగకూడదు."

ఈశ్వరి కొండబాబును ఒక్కసారి చూసింది. అతను ఈసారి క్యాలెండరు వైపు చూడలేదు. ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

"సెప్పండి తాతయ్యా," అంది.

మాస్టారు అటెండెన్సు పిలిచినట్టు ఒక్కో అంకే గట్టిగా చదివారు. బజారంతా విన్నది. తెర మీద వెరిఫై అయిందని పచ్చగా పడింది.

"మీ నాన్న నంబరియ్యి, నాను మాటాడతాను," అన్నారాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఈశ్వరి రసీదు ప్రింటు తీసి కూర్మమ్మ ముందు పెట్టింది. "ఇది ఇంట్లో దాసుకునేది మామ్మా. దీనికి ఎంత పెట్టుకున్నా పరవాలేదు."

కూర్మమ్మ కొంగులోంచి పసుపు పొట్లం తీసింది. సాయం చేద్దామని కొండబాబు చెయ్యి చాపాడు.

"నువ్వు ముట్టకు," అంది ఈశ్వరి.